మెడ మీద రెండు వేళ్లు

కొత్తగా నర్సింగులో చేరిన పిల్లలు నన్ను చూడటానికి వచ్చినప్పుడల్లా గల్ఫ్ గురించే అడుగుతారు. ఎండ ఎలా ఉండేది, ఒంటరిగా ఉంటే భయం వెయ్యలేదా, అరబ్బీ ఎలా నేర్చుకున్నారు. వీటిలో ఒక్కదానికీ నేను సరిగ్గా జవాబు చెప్పను. బహ్రెయిన్ అనగానే నాకు ఇవేవీ గుర్తుకు రావు మరి. ఒక జిమ్ నేల గుర్తొస్తుంది. నీలం రంగు చాపలు. పైన ఎత్తులో ఉన్న కిటికీల్లోంచి ఏటవాలుగా పడే దుమ్ము పట్టిన వెలుతురు. ఆ వెలుతురులో వెల్లకిలా పడుకుని హాయిగా గురక పెడుతున్న ఒక మనిషి. అతని చుట్టూ మోకాళ్ల మీద కూర్చుని, ఈయన గుండె ఆగిపోయిందని గంభీరంగా చెప్పుకుంటున్న కాలేజీ పిల్లలు.

ఆ మనిషి గుండె ఒకరోజు నిజంగానే ఆగింది. ఆగిందని మాలో ఎవరికీ తెలియలేదు. ఆ రోజు గురించే చెప్తాను. మధ్యలో నాతో వాదించాలనిపిస్తే వాదించండి, వాదన అంటే నాకు అలుపు లేదు.

అప్పటికి ఇంకా అందరివీ బటన్ల ఫోన్లే. నేను అక్కడి ఒక కాలేజీ క్లినిక్‌లో నర్సుని. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక టైలరు కొట్టు పైన నా గది. పొద్దున్నే కాలేజీ వ్యాను వచ్చి హారన్ కొట్టేది. శుక్రవారం తెలుగు ప్రార్థన కూటం, మిగతా రోజులన్నీ తలనొప్పి మాత్రలు, బెణికిన చీలమండలు. ఇలా సాఫీగా పోతుండగా కొందరు విద్యార్థులు మేమొక అత్యవసర వైద్య దళం పెట్టుకుంటామని బయలుదేరారు. క్యాంపస్‌లో ఎవరు పడిపోయినా అంబులెన్సు వచ్చేలోపు తామే పరుగెత్తుకెళ్తారట. దీని మీద మీటింగు పెట్టారు. వద్దని వాదించింది నేనే. రక్తం చూస్తే కళ్లు తిరిగే వయసు పిల్లలకు ఈ పని ఏమిటని, ఏ ఏ తప్పులు జరుగుతాయో వరసగా చెప్పుకుంటూ పోయాను. విద్యార్థి వ్యవహారాల అధికారి ఒక ఈజిప్షియన్ పెద్దమనిషి, ఎండాకాలంలో కూడా టై విప్పడు. ఆయన చివరిదాకా ఓపికగా విని, "ఇంత వివరంగా తెలిసిన మనిషి మనలో ఇంకెవరూ లేరు" అని దళాన్ని నాకే అప్పజెప్పాడు. అప్పట్నుంచి మీటింగుల్లో వాదించేముందు ఒకసారి ఆలోచిస్తాను. ఆలోచించి వాదిస్తాను.

పిల్లలకు నారింజ రంగు చొక్కాలు వచ్చాయి. మొదటి నెలల్లో వాళ్లు చేసిందల్లా ముక్కుల్లోంచి రక్తం కారితే దూది పెట్టడం, బాస్కెట్‌బాల్ ఆడి కాలు మెలిపెట్టుకున్నవాడికి ఐసు పెట్టడం. కానీ వారం వారం జిమ్‌లో సాధన మాత్రం మానలేదు. గుండె నొక్కడం నేర్పడానికి మాకొక రబ్బరు బొమ్మ ఉండేది. నడుము పైభాగమే ఉంటుంది దానికి, కాళ్లూ చేతులూ లేవు. పిల్లలు దాన్ని 'అమ్మీ' అని పిలిచేవాళ్లు. అరబ్బీలో అమ్మీ అంటే మా బాబాయి. ఆ బాబాయి ఛాతీ ఎంత గట్టిగా నొక్కినా ఏమీ అనడు గానీ, స్ట్రెచర్ ఎక్కించడానికి, పక్కకి తిప్పి పడుకోబెట్టడానికి పనికిరాడు. నిండు మనిషి కావాలి. అలా వచ్చాడు మా వ్యాను డ్రైవరు.

అతనిది జగిత్యాల దిక్కు పల్లె. నన్ను అక్కా అనేవాడు, వయసులో నాకంటే రెండు మూడేళ్లు పెద్దే అని నా అనుమానం. మా ఇద్దరికీ రోజూ ఏదో ఒక తగువు.

"దుబాయికొచ్చినంక నా రంగే మారిపోయిందక్కా."

"ఇది దుబాయి కాదయ్యా. బహ్రెయిన్. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఏదైతేంది? మా ఊర్ల అడుగు, అంతా దుబాయే అంటరు. మీ గుంటూరోళ్లకే పేర్ల పట్టింపు."

"నాది గుంటూరు కాదు, తెనాలి."

"గదేం దూరం? నాకు రెండూ ఒకటే."

పేషెంటు వేషం వెయ్యమని అడిగితే ఎగిరి గంతేశాడు. "డ్యూటీల పండుకునుడు ఎవలికి దొరుకుతదక్కా! ఏసీల, మెత్త మీద! నా జాతకం ఎవలు రాసిన్రో గాని మంచిగ రాసిన్రు." జిమ్‌లోకి వచ్చి, చెప్పులు గోడ వారగా విడిచి, చాప మీద వాలిపోయేవాడు. పిల్లలు అతని పక్కన చేరి చెయ్యాల్సినవన్నీ చేసేవాళ్లు. అతను నిజంగానే నిద్రపోయేవాడు. ఒకసారి లేచి కళ్లు నులుముకుంటూ, "పండుకుంటే మా చెలక కనవడ్తదక్కా. మక్కజొన్న ఏసిన చెలక. గీడ మంచం మీద పండుకుంటె ఏం కనవడది, గీ నీలం మెత్త మీదనే కనవడ్తది" అన్నాడు. ఏసీ చప్పుడు అతనికి చేలో గాలిలా వినిపించేదేమో. ఆ మధ్యాహ్నాలు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు తేలికవుతుంది. బయట ఎండ తెల్లగా, సముద్రపు తేమతో పాలిపోయి ఉండేది. లోపల ఒక మనిషి తన మొక్కజొన్న చేలో తిరుగుతుంటే, పిల్లలు గుసగుసగా అతన్ని బతికిస్తూ ఉండేవాళ్లు.

బతికివున్న మనిషితో సాధన చేసేటప్పుడు నాదొక కఠినమైన నియమం. ఛాతీ మీద చేతులు ఆనించాలి గానీ నొక్కకూడదు. నొక్కితే పక్కటెముకలు విరుగుతాయి, బాగున్న గుండె కూడా పాడవుతుంది. కాబట్టి నొక్కినట్టు నటించాలి. అంబులెన్సుకి ఫోన్ చేసేవాడు నిజంగా చేస్తే అవతలివాళ్లు ఊరుకోరు, కాబట్టి బొటనవేలూ చిటికెనవేలూ చాపి చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడాలి. ఆ పని మా వీధిలోనే ఉండే ఒక మలయాళీ అబ్బాయిది. నాటకాల్లో వేషాలు వేసినవాడు. గేటు ఎటువైపు, పేషెంటు మగా ఆడా, స్పృహ ఉందా లేదా, అన్నీ ఆ ఖాళీ చేతికి ఎంత శ్రద్ధగా చెప్పేవాడంటే, అవతలివాళ్ల ప్రశ్నలు కూడా మాకు వినిపించేవి.

నాడి చూసే పని దళం కెప్టెన్‌ది. సనాబిస్ నుంచి వచ్చే బహ్రెయినీ అమ్మాయి. నల్లటి అబాయా మీద నారింజ చొక్కా వేసుకుంటే నిప్పు కణికలా ఉండేది. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. దళంలో చేరతానంటే ఇంట్లో తండ్రి ఒక మాట తీసుకున్నాడట. ప్రాణం మీదికి వస్తే ఎవరినైనా ముట్టుకో, నేర్చుకునేటప్పుడు మాత్రం పరాయి మగవాణ్ని ఒట్టి చేత్తో తాకకు అని. అందుకని సాధనలో ఎప్పుడూ గ్లౌజు తొడుక్కునే అతని మెడ మీద రెండు వేళ్లు ఆనించేది.

అక్కడే మాకు ప్రతిసారీ సాధన చెడిపోయేది. నిద్రలో ఉన్నా సరే, ఆ వేళ్లు మెడకి తగలగానే డ్రైవరు కిచకిచమని నవ్వేవాడు.

"ఏమయ్యా, గుండె ఆగిన మనిషి నవ్వుతాడా?"

"నేనేం జేతునక్కా! గా రబ్బరు తొడుగు సల్లగ తగుల్తది. సక్కిలిగింతలైతున్నయ్. ఆపుకుందామంటె కడుపులకెళ్లి వస్తది."

అతను నవ్వగానే పిల్లలు నవ్వేవాళ్లు. కెప్టెన్ నవ్వకుండా పెదవి కొరుక్కుని, మళ్లీ మొదట్నుంచి అనేది. మళ్లీ వేళ్లు పెట్టేది. మళ్లీ నవ్వు. నేను కోప్పడేదాన్ని. ఆ కోపం ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

కొన్నాళ్లకి నాకు ఇంకో ఆలోచన వచ్చింది. ప్రమాదం జిమ్ కొచ్చి చాప మీద పడుకోదు కదా. పిల్లలకి ముందు చెప్పకుండా క్యాంపస్‌లో ఎక్కడో ఒకచోట డ్రైవరు పడిపోవాలి. లైబ్రరీ మెట్ల దగ్గర, క్యాంటీన్ వెనకాల. చూసినవాళ్లు కేక వేస్తే దళం పరుగెత్తుకు రావాలి. ఈ ఏర్పాటు నాకూ అతనికీ మాత్రమే తెలుసు. పొద్దున వ్యాను ఎక్కగానే అద్దంలో నన్ను చూసి అడిగేవాడు.

"అక్కా, ఇయ్యాల సచ్చిపోవాల్నా?"

"వద్దులే. ఎల్లుండి."

"సరే, ఎల్లుండే సచ్చిపోత. గా లోపట ఇస్త్రీ బట్టలు తెచ్చుకుంట."

వ్యానులో ఉన్న మిగతావాళ్లకి తెలుగు రాదు. మేం వంటల గురించి మాట్లాడుకుంటున్నామనుకునేవాళ్లు.

ఒకసారి సాధన కోసం దళాన్ని దక్షిణాన ఎడారి వైపు తీసుకెళ్లాం. తిరిగి వస్తుంటే అవాలి ఊరు దాటాక రోడ్డు పక్కనే నూనె గొట్టాలు మాతోపాటు పరుగెత్తుతూ వచ్చాయి. సాయంత్రపు ఎండ వాటి మీద పడి మెరుస్తుంటే, పిల్లలంతా ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోయారు. డ్రైవరు ఎడమ భుజం రుద్దుకుంటూ నడుపుతున్నాడు. ఏమైందని అడిగితే, "గేర్ బిగుసుకపోయిందక్కా, షెడ్డుకు ఇయ్యాలె" అన్నాడు. గేరు కుడి చేతి వైపు ఉంటుంది అక్కడ.

ఆ తర్వాత ఎన్నాళ్లకో చెప్పలేను. వేసవి మొదలైంది, గాల్లో దుమ్ము లేచి సూర్యుడు పలచని బిళ్లలా కనిపించిన రోజు. మధ్యాహ్నం క్లినిక్‌లో కూర్చుని ఉన్నాను. కార్ల షెడ్డు వైపు నుంచి కేక వినపడింది. కిటికీలోంచి చూస్తే వ్యాను తలుపు తీసి ఉంది, పక్కన డ్రైవరు నేల మీద పడి ఉన్నాడు. నారింజ చొక్కాలు నాలుగు వైపుల నుంచీ పరుగెత్తుతున్నాయి.

నాకు మొదట వచ్చింది కోపం. పొద్దున నన్ను అడగలేదు, తన ఇష్టమొచ్చినప్పుడు పడిపోయాడు, ఈ ఎండలో పిల్లల్ని పరుగెత్తిస్తున్నాడు. ఈ మాటలన్నీ మనసులో వరసగా పేర్చుకుంటూ, సంచీ భుజాన వేసుకుని బయలుదేరాను. తొందరేమీ పడలేదు.

దగ్గరికి వెళ్లేసరికి అంతా ఎంత అందంగా జరుగుతోందో! ఒకమ్మాయి తల పక్కన కూర్చుని గడ్డం పైకెత్తి పట్టుకుంది. మలయాళీ అబ్బాయి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వెనక గేటు దారి చెప్తున్నాడు. మా ఈజిప్షియన్ అధికారి కూడా వచ్చి, మూగినవాళ్లని వెనక్కి జరుపుతూ, "డ్రిల్లు, డ్రిల్లు, దారివ్వండి" అంటున్నాడు. నన్ను చూసి, "చాలా సహజంగా ఉంది సిస్టర్" అని మెచ్చుకున్నాడు కూడా. షెడ్డు రేకుల కింద వెలుతురు పసుపుపచ్చగా, నీళ్లలో చూస్తున్నట్టు కదులుతోంది. ఎవరి గొంతూ పైకి లేవడం లేదు. కలలో పని జరిగినట్టు జరిగిపోతోంది.

కెప్టెన్ గ్లౌజు తొడుక్కున్న రెండు వేళ్లు అతని మెడ మీద ఆనించింది. పిల్లలందరూ అలవాటుగా నవ్వుకి సిద్ధమై అతని మొహం వైపు చూశారు.

నవ్వు రాలేదు.

"అబ్బ, ఇవాళ నేర్చుకున్నాడు" అన్నారెవరో. నేనూ అదే అనుకున్నాను. ఒక్క క్షణం అతని మీద నాకు మెప్పు కలిగింది.

కెప్టెన్ మాత్రం వేళ్లు తీయలేదు. తల పైకెత్తి నన్ను చూసింది. "మిస్, ఈయన నవ్వలేదు" అంది, ఫిర్యాదు చేస్తున్నట్టు. తర్వాత పళ్లతో గ్లౌజు అంచు పట్టుకుని లాగి అవతల పారేసింది. ఒట్టి వేళ్లు మెడకి అదిమి పెట్టింది. గ్లౌజు ఎందుకు తీసిందో ఆ పిల్లలందరికీ తెలుసు.

"మిస్, ఏమీ లేదు."

నేను పక్కన కూలబడి చూశాను. ఏమీ లేదు. ఊపిరి లేదు. పెదవులు నీలంగా మారుతున్నాయి, అదంతా దుమ్ము పట్టిన వెలుతురు రంగనుకున్నాం ఇంతసేపూ.

"నొక్కు" అన్నాను.

ఆ పిల్ల చేతులు ఛాతీకి ఆనీ ఆనకుండా గాలిలో లేచి పడుతున్నాయి. సరైన చోటే ఉన్నాయి, సరైన వేగంతోనే కదులుతున్నాయి. ఒక్క అంగుళం కూడా దిగడం లేదు. అతని మీద నొక్కకూడదని ఆ చేతులకి నేర్పింది నేనే. ఇది తప్పంటారా? ఇప్పటికీ కాదంటాను. ఎవరు నేర్పినా అలాగే నేర్పాలి. కానీ ఆ క్షణాన వాదించడానికి ఎవరున్నారు? నా రెండు చేతులూ ఆమె చేతుల మీద వేసి, నా బరువంతా దించాను. కింద ఏదో పటుక్కుమంది. ఆ పిల్ల కెవ్వుమంది.

"విరగనీ! నొక్కు! అమ్మీ అనుకో!"

"వాహద్, ఇత్నేన్, తలాత" అని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఈసారి ఛాతీ దిగింది. నేను చేతులు తీసేసి, తల దగ్గరికి జరిగి, మూతికి ఆనించి గాలి నొక్కే రబ్బరు ఊపిరి సంచీ అందుకున్నాను. అప్పుడు తల ఎత్తి చూస్తే, ఆ అబ్బాయి ఇంకా చెవి దగ్గర చెయ్యి పెట్టుకునే ఉన్నాడు. మాట మాత్రం ఆగిపోయింది.

"నీ చేతిలో ఫోనేదిరా?"

తెలుగులోనే అరిచాను. ఎలా అర్థమైందో గానీ, చెయ్యి దించి అరచేతిలోకి చూసుకున్నాడు. చాచిన బొటనవేలు, చిటికెనవేలు. అంతసేపు అంత చక్కగా ఎవరికి చెప్పాడో ఆ అంబులెన్సు ఇంకా ఎక్కడా బయలుదేరలేదు. జేబులోంచి అసలు ఫోన్ తీస్తూ కింద పడేసుకున్నాడు. అధికారి వంగి దాన్ని అందుకుని తనే నంబరు నొక్కి, వాడి చెవికి ఆనించి పట్టుకున్నాడు. తర్వాత, టైతో సహా, వెనక గేటు దాకా ఆ ఎండలో పరుగెత్తాడు అంబులెన్సుకి దారి చూపించడానికి. ఆయన పరుగెత్తడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

ఎంతసేపు నొక్కారో నాకు తెలియదు. ఒకరు అలసిపోతే ఇంకొకరు వచ్చారు, మాట లేకుండా మారారు. అది కూడా నేర్చుకున్నదే. కెప్టెన్ అబాయా మోకాళ్ల దగ్గర తారుకి అంటుకుపోయింది. నేను ఊపిరి సంచీ పిసుకుతూ ఉన్నాను. దుమ్ములో సూర్యుడు అలాగే పలచగా వేలాడుతున్నాడు. సిగ్గు లేకుండా చెప్తున్నాను, నేను దేవుణ్ని ప్రార్థించలేదు. అతన్ని తిట్టాను. "లే. నన్ను అడగకుండా ఎవరు చచ్చిపొమ్మన్నారు నిన్ను? ఇవాళ వద్దు. నేను చెప్పలేదు. లే." పిల్లలకి తెలుగు రాదు కాబట్టి అది ప్రార్థనే అనుకున్నారట.

అంబులెన్సు వచ్చింది. ఛాతీకి పలకలు అతికించి షాక్ ఇచ్చారు. రెండోసారి షాక్ ఇచ్చాక అంబులెన్సులో వచ్చినాయన అతని మెడ మీద వేళ్లు పెట్టి చూసి, నాడి అందిందన్నట్టు తల ఊపాడు. ఎత్తుకుని తీసుకెళ్లిపోయారు. షెడ్డులో అతని చెప్పులు మిగిలాయి. ఒకటి వ్యాను మెట్టు మీద, ఒకటి కింద. కెప్టెన్ వాటిని తీసి, జిమ్ గోడ వారగా, అతను ఎప్పుడూ విడిచే చోట పెట్టింది.

కొన్ని రోజుల తర్వాత ఆసుపత్రి వార్డులో చూస్తే దిండుకి ఆనుకుని కూర్చుని, పక్కమంచం పఠాన్ భాయ్‌తో హిందీలో గొడవ పడుతున్నాడు. ఇంక ఫరవాలేదు అనుకున్నాను.

"రొమ్ము ఇరగ్గొట్టిన్రు గదక్కా నీ పిల్లలు. తుమ్మితే పానం పోతున్నది."

"అంతకుముందు నొప్పి ఎప్పట్నుంచి ఉంది?"

"ఉండె కొన్ని దినాల సంది. గ్యాసనుకున్న. కోల్డ్ స్టోర్ దుకాన్ల సోడా కొనుక్కొని తాగితె తగ్గుతుండె."

"రోజూ నన్ను ఎక్కించుకుని తిరిగావు. నర్సుని. ఒక్క మాట చెప్పడానికేం?"

"చెప్తె తిడ్తవని."

దీనికి నేనొప్పుకోను. ఇప్పుడు మీ అందరి ముందూ చెప్తున్నాను, నేను అంత తిట్టే మనిషిని కాను. ఈ మాట అన్నప్పుడు మా ఇంట్లోవాళ్లు ఎందుకు నవ్వుతారో నాకు అర్థం కాదు.

తర్వాత అడిగాను. అప్పుడు ఏమైనా కనిపించిందా, చెలక కనిపించిందా అని.

కిటికీ వైపు చూశాడు. "లేదక్కా" అన్నాడు. "చెలక గూడ కనవడలే. ఏం కనవడలే." మొదటిసారి అతని గొంతులో భయం విన్నాను.

అతను ఇంక బండి నడపకూడదన్నారు డాక్టర్లు. ఇంటికి వెళ్లిపోవడానికి సిద్ధమై, చివరిసారి కాలేజీకి వచ్చాడు. ఆ రోజు సాధన ఉంది. జిమ్ తలుపు దగ్గర నిలబడ్డాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో మిఠాయి డబ్బా. పిల్లలు ఎవరూ కదల్లేదు. అతను కూడా అడుగు లోపలికి వెయ్యలేదు. నావైపు చూసి, వ్యాను అద్దంలోంచి చూసినట్టే చూసి, అన్నాడు.

"అక్కా, ఇయ్యాల సచ్చిపోవాల్నా?"

నేను వెళ్లి అతని చేతిలోని మిఠాయి డబ్బా అందుకున్నాను.

కెప్టెన్‌కి ఆ మాటలు అర్థం కావు. కానీ అతను నీలం చాప వైపు చూడటం అర్థమైంది. పెట్టెలోంచి గ్లౌజు తీసి తొడుక్కుంది. అంటే ఇది సాధనే. రమ్మన్నట్టు చాప మీద చేత్తో తట్టి, "యల్లా" అంది.

గోడ వారగా, అతని పాత చెప్పులు ఇంకా అక్కడే ఉన్నాయి. వేసుకొచ్చిన కొత్త చెప్పులు వాటి పక్కనే విడిచి వచ్చాడు. మెల్లగా, పక్కటెముకలు పట్టుకుని వెల్లకిలా పడుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. కిటికీలోంచి దుమ్ము వెలుతురు మొహం మీద పడింది. పిల్లలు దగ్గరికి జరిగారు. మలయాళీ అబ్బాయి అసలు ఫోన్ పిడికిట్లో బిగించి పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె రెండు వేళ్లు అతని మెడ మీద ఆనించింది.

అతను కదల్లేదు. నవ్వు ఆపుకోవడం నేర్చుకున్నానని మాకు చూపించాలనుకున్నాడేమో, దవడ బిగించి అలాగే ఉన్నాడు. ఏసీ చప్పుడు ఒక్కటే వినపడుతోంది. ఆ పిల్ల వేళ్ల కింద నాడి కొట్టుకుంటూనే ఉంటుంది, ఆమెకి తెలుసు. అయినా కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

"నవ్వవయ్యా!" అని అరిచాను.

కడుపులోంచి వచ్చింది అతనికి నవ్వు. విరిగిన ఎముకలు పట్టుకుని, "అయ్యో అమ్మా, నొస్తున్నదక్కా, నవ్విపియ్యకుండ్రి" అని దొర్లుతూ నవ్వాడు. కెప్టెన్ ఆ నవ్వు మీదే వేళ్లు ఉంచింది. చాలాసేపు తీయలేదు.